మా ఊరి బడికి యాభై ఏళ్లు: సరస్వతీ పూజలో పీటల మీద ఎవరు కూర్చోవాలి?

మానేరు_మల్లన్న · జనవరి 12

తల పగిలిపోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నా. మాది పెద్దపల్లి జిల్లాలో మానేరు పక్క ఊరు. మా జిల్లా పరిషత్ హైస్కూల్ 1976లో పెంకుల షెడ్డులో మొదలైంది. ఈ ఏడుతో యాభై నిండుతాయి. నేను పది పాసైంది 1999లో. పాత విద్యార్థులమంతా వాట్సాప్ గ్రూపు పెట్టుకుని జనవరి 23 ఖాయం చేశాం. శుక్రవారం, వసంత పంచమి. సోమవారం ఎలాగూ జెండా పండుగ సెలవు కాబట్టి హైదరాబాద్ వాళ్లు నాలుగు రోజులు ఊళ్లో ఉంటారని లెక్క. అదే కాంపౌండ్‌లో ప్రైమరీ, అంగన్‌వాడీ కూడా ఉన్నాయి. పొద్దున సరస్వతీ పూజ, చిన్న పిల్లలకు సామూహిక అక్షరాభ్యాసం, తర్వాత పాత సార్లకు సన్మానం, మధ్యాహ్నం ఊరందరికీ భోజనం. 1,86,000 రూపాయలు పోగయ్యాయి.

పూజలో పీటల మీద ఏ జంట కూర్చోవాలన్న దగ్గర బండి ఆగింది. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు అయ్యాయి కదా. గెలిచిన సర్పంచ్, ఓడినాయన ఇద్దరూ మా బ్యాచే. ఒకే బెంచీ. "ఊరికి పెద్దను నేను, నేను కూర్చోకపోతే ఎట్లా" అని ఒకరు. "టెంటు, కుర్చీలు, మైకు అన్నీ నేను పెడుతున్నా. ఓడిపోతే పీటకు కూడా పనికిరానా" అని ఇంకొకరు. మధ్యేమార్గంగా మా పాత హెడ్మాస్టర్ సారును కూర్చోబెడదామంటే, వాళ్ల ఆవిడ పోయి రెండేళ్లయింది, జంట లేకుండా ఎట్లా అని మరో పేచీ. ఇప్పటి హెచ్ఎం మేడమ్ టెన్షన్ వేరు. సర్కారు బడిలో ఇంత పెద్ద పూజ అంటే రేపు తన మీదికి ఏమైనా వస్తుందేమోనని. ముస్లిం పిల్లలు, చర్చికి వెళ్లే ఇళ్ల పిల్లలు కూడా ఉన్నారు మరి.

పదకొండు రోజులే ఉంది. ఆ తర్వాతి వారం మేడారం జాతర, వాయిదా వేస్తే ఊళ్లో మనిషి దొరకడు. ఇలాంటిది చేసిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

గోదారి_గట్టు

రీకౌంటింగ్ పెట్టండి.

కోడిపుంజు_77

ఇద్దరికీ చెరో పీట వేసి మధ్యలో అమ్మవారిని పెట్టేయండి. ఆవిడే చూసుకుంటుంది.

సుద్దముక్క_టీచర్

నవ్వులాటలా ఉంది గానీ మల్లన్న గారి బాధ నాకు తెలుసు. పదిహేడేళ్ల సర్వీసులో పీటల గొడవ మూడుసార్లు చూశాను, మూడు వేర్వేరు ఊళ్లలో.

2023లో అయితే వసంత పంచమి, రిపబ్లిక్ డే ఒకే రోజు వచ్చాయి. జనవరి 26, గురువారం. అప్పుడు నేను పనిచేసే బడిలో ఎనిమిదింటికి జెండా, తొమ్మిదింటికి పూజ అనుకున్నాం. ఊరి పెద్ద ఒకాయన కొబ్బరికాయ పట్టుకుని నేరుగా జెండా కర్ర దగ్గరికి వచ్చారు. "ఇక్కడ ఒకటి కొట్టి మొదలుపెడదాం, మంచిది" అన్నారు. మా హెచ్ఎం గారు "అయ్యా, ఇది దేశం జెండా, దీనికి సెల్యూటే నైవేద్యం" అని ఎలాగో తప్పించారు. పూజకు చెప్పులు విప్పించాం, తర్వాత డ్రిల్లుకు మళ్లీ వేసుకోమన్నాం. రెండు వందల జతలు ఒకే కుప్ప! ఒకటో తరగతి పిల్ల ఒకతి మధ్యాహ్నం దాకా రెండు ఎడమ కాలి చెప్పులతో తిరిగింది.

అందుకే చెబుతున్నా, కార్యక్రమం ఎంత పెద్దదైనా పూజ ముక్కాలు గంట దాటనివ్వకండి. పిల్లలు కూర్చోలేరు.

లా_పాయింట్

మేడమ్ భయం గురించి. రాజ్యాంగం 28వ అధికరణ చదవమనండి. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే విద్యాసంస్థలో మతబోధ కూడదు అంటుంది మొదటి క్లాజు. ప్రభుత్వ గుర్తింపో, సాయమో ఉన్న సంస్థలో జరిగే మతబోధకు గానీ ఆరాధనకు గానీ హాజరు కావాలని ఎవరినీ బలవంతపెట్టకూడదు, మైనర్ అయితే సంరక్షకుల సమ్మతి ఉండాలి అంటుంది మూడో క్లాజు. ఊరివాళ్లు చందా వేసుకుని చేసే ఒక్క రోజు పూజ మతబోధ కిందికి వస్తుందా అని వాదించుకుంటూ కూర్చుంటే తెల్లారిపోతుంది. బలవంతం విషయంలో మాత్రం వాదన లేదు.

1986లో కేరళ కేసు ఒకటి ఉంది. జాతీయ గీతం అప్పుడు లేచి నిలబడి, పాడకుండా మౌనంగా ఉన్నారని ముగ్గురు పిల్లలను బడి నుంచి తీసేస్తే, సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. జాతీయ గీతానికే అంత వెసులుబాటు ఉన్నప్పుడు హారతికి లేదంటారా?

కాబట్టి బడి నిధుల నుంచి రూపాయి తీయొద్దు. పూజ సమయంలో హాజరు పిలవొద్దు. బడి కమిటీ తీర్మానం కాగితం మీద పెట్టుకోండి.

నాస్తిక_నరసయ్య

ఇన్ని జాగ్రత్తలు తీసుకుని చేయాల్సిన పని అసలు ఎందుకు చేయాలో ఎవరూ అడగరు. జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతి, తెలంగాణలో మహిళా టీచర్ల దినోత్సవం. ఆ రోజు మీ బడికి ఈ పాత విద్యార్థుల్లో ఎంతమంది వచ్చారు? ఆడపిల్లలకు చదువు చెప్పి ఊళ్లో తిట్లు తిన్న మనిషి ఆవిడ. సరస్వతికి పట్టుచీర కట్టే ఊళ్లోనే లైబ్రరీ గదికి తాళం వేసి అందులో సిమెంటు బస్తాలు పెడతారు.

మానేరు_మల్లన్న

నరసయ్య గారూ, సిమెంటు బస్తాల సంగతి మీకెలా తెలిసింది? నిజంగానే ఉన్నాయి.

నాస్తిక_నరసయ్య

ముప్పై ఏళ్లు టీచర్‌గా చేశాను. అన్ని బడుల్లోనూ ఉంటాయి.

డల్లాస్_బావ

మాకు లైవ్ పెట్టండి అన్నా. మీకు పొద్దున పదంటే మాకు ముందు రోజు రాత్రి పదిన్నర, హాయిగా చూస్తాం. నాస్తికం, ఆస్తికం తర్వాత చూసుకోవచ్చు గానీ, పండుగ పేరు లేకపోతే ఊరి బడికి ఎవడూ రాడు. ఇరవై రెండేళ్లలో మా స్కూల్ గేటు నేను దాటింది ఒక్కసారి, అదీ గణపతి నవరాత్రుల్లో.

ఖమ్మం_షబానా

నా సంగతి చెబుతా. మా ఊరి బడిలో ప్రతి ఏడూ సరస్వతీ పూజ జరిగేది. ముగ్గు నాది. చుక్కలు పెట్టి కలపడంలో నన్ను మించిన వాళ్లు లేరని మా తెలుగు టీచర్ పిలిచి మరీ వేయించేది. మా నాన్న టైలర్. అమ్మవారి పటం వెనక కట్టే పసుపు గుడ్డకు అంచు కుట్టి ఇచ్చేవాడు, కుట్టుకూలి తీసుకునేవాడు కాదు. మొహర్రంకు మా వీధి పీర్లను చూడటానికి ఊరంతా వచ్చేది, ఇదీ అలాగే అనుకునేవాళ్లం.

ఏడో తరగతిలో మాత్రం కొత్తగా వచ్చిన సారు ఒకాయన వరసగా అందరికీ బొట్టు పెడుతూ వచ్చి నాకూ పెట్టేశారు. అడగలేదు. చెడ్డ ఉద్దేశం లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం బోరింగు దగ్గరికి వెళ్లి కడుక్కుని, తడిసిన జడతో ఇంటికొచ్చాను. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. మరుసటి ఏడు ముగ్గు వేయడానికి నేను వెళ్లలేదు.

మీ మేడమ్‌కు చెప్పండి. పిలవండి, ప్రసాదం అందరికీ అందుబాటులో పెట్టండి. బొట్టు, కంకణం మాత్రం ఎవరికి వాళ్లు చేయి చాపితేనే.

సుద్దముక్క_టీచర్

షబానా గారూ, రేపటి నుంచి మా బడిలో బొట్టు పళ్లెం బల్ల మీద ఉంటుంది. పట్టుకుని తిరగడం మానేస్తాం.

కడప_కారం

మీ గొడవలన్నీ సరే గానీ "కొబ్బరికాయ కొట్టడం" ఏంది? టెంకాయ అనండి ముందు.

గోదారి_గట్టు

కొడితే చాలు, పేరు ఏదైతే ఏం.

పంచాంగం_శర్మ

పీటల మాట. సరస్వతీ పూజకు దంపతులే కూర్చోవాలన్న నియమం లేదు. కల్యాణాలకు, కొన్ని వ్రతాలకు, హోమాలకు జంట కావాలంటాం. ఇది విద్యార్థుల పూజ. భార్య పోయిన హెడ్మాస్టర్ గారు కూర్చుని చేస్తే ఏ దోషమూ లేదు. పిల్లల చేతనే చేయించినా దోషం లేదు, నిజానికి అదే సబబు. సంకల్పంలో ఒక్క ఇంటి గోత్రనామాలు చెప్పకుండా ఈ పాఠశాలలో చదివే బాలబాలికలందరి పేర అని చెప్పుకుంటే సరి. ఆ రోజు పగలంతా పంచమి ఉంది కాబట్టి హడావుడి అక్కర్లేదు.

అక్షరాభ్యాసానికి కావలసినవి: తలా ఒక పలక, బలపం, పళ్లెంలో గుప్పెడు బియ్యం, పసుపు కొమ్ము. పిల్ల చేయి పట్టుకుని ముందు బియ్యంలో, తర్వాత పలక మీద మూడుసార్లు దిద్దిస్తారు. బంగారు ఉంగరంతో రాయించాలనే పట్టింపు కొందరికి ఉంటుంది. సామూహికంగా చేసేచోట అది వద్దు. ఉంగరాలు పోతాయి, ఆ నింద పురోహితుడి మీద పడుతుంది. అనుభవం.

కోడిపుంజు_77

శర్మ గారూ, ఇప్పుడు శుక్ర మౌఢ్యం నడుస్తోంది కదా? మూఢంలో అక్షరాభ్యాసమా?

పంచాంగం_శర్మ

వసంత పంచమికి ఆ పట్టింపు లేదని చేయించే సంప్రదాయం ఉంది. ఆ రోజు బాసర వెళ్లి చూడండి, క్యూలో నిలబడటానికి చోటు దొరికితే చెప్పండి. మనసు ఒప్పని వాళ్లు తర్వాత చేసుకోవచ్చు.

మానేరు_మల్లన్న · జనవరి 13

ఇంకో సంగతి మరిచా. మైకు పెట్టే అన్న మూడడుగుల పాలరాతి సరస్వతి విగ్రహం కూడా ఇస్తానంటున్నాడు. బడి గేటు ఎదురుగా గద్దె కట్టి ప్రతిష్ఠ చేయాలట. కింద ఆయన పేరు.

పంచాంగం_శర్మ

ప్రతిష్ఠ అంటే రోజూ దీపం, నైవేద్యం. వేసవి సెలవుల్లో నలభై రోజులకు పైగా బడి మూసి ఉంటే ఎవరు చేస్తారు? పటం పెట్టుకుని పూజ చేసుకోండి. సాయంత్రం ఆ పటం ఆఫీసు గదిలో గోడకు తగిలించండి.

లా_పాయింట్

పైగా ప్రభుత్వ స్థలంలో శాశ్వత కట్టడం. దానికి ఎవరి అనుమతి కావాలి, రేపు ఎదుటి పార్టీ వాళ్లు ఇంకో గద్దె కడతామంటే ఏం చెబుతారు? వద్దు.

గరిట_వదిన

వంట గురించి ఎవరూ మాట్లాడరేం? మా ఊళ్లో బడి వార్షికోత్సవానికి రెండుసార్లు వండించాను. పులిహోరకు పాతిక కిలోల బియ్యం పోస్తే దోసెడు దోసెడు చొప్పున నాలుగు వందల మందికి సరిపోతుంది. దానికి రెండున్నర కిలోల చింతపండు. ముందు రోజు రాత్రే గుజ్జు తీసి నూనెలో ఉడికించి పెట్టుకోండి, పొద్దున్నే అన్నం వార్చి కలపడమే. అన్నం ఆరకముందు కలిపితే ముద్దవుతుంది. పరదా మీద పరిచి, ఫ్యాను పెట్టి ఆరబెట్టాలి. సెనగ గుగ్గిళ్లు మధ్యాహ్నం పన్నెండు దాటితే వాసన వస్తాయి, జాగ్రత్త.

మధ్యాహ్న భోజనం వండే అక్కల మీదే ఈ పనీ వేస్తారు చాలాచోట్ల, ఊరికే. వాళ్లకు విడిగా కూలి ఇవ్వండి, సన్మానంలో శాలువా కాదు.

మానేరు_మల్లన్న

గుగ్గిళ్లంటే మా గుడాలే కదా వదినా? గుడాలైతే ఖాయం.

గరిట_వదిన

అవే. పేరు మార్చినంత మాత్రాన పాడవకుండా ఉండవు మరిదీ.

తెనాలి_తాతయ్య

వయసు 74. ఈ పీటల గొడవ చూస్తే మా చిన్నప్పటి దసరా గుర్తొచ్చింది. అప్పట్లో ఊరి బడి పంతులుకు జీతం అంతంతమాత్రం. దసరాకు మమ్మల్ని వరసగా నిలబెట్టి ఊరంతా తిప్పేవారు. వెదురుతో చేసిన విల్లంబులాంటిది ఒకటి ఉండేది, గిలక అనేవాళ్లం. అందులో పూలు, బుక్కా పెట్టి వదిలితే ఎదుటివాళ్ల మీద పడేది. మా అమ్మ నా గిలకకు రంగు కాగితం అంటించేది. ప్రతి ఇంటి ముందూ దసరా పద్యాలు చదివేవాళ్లం. పంతులుగారికి రూపాయో రెండో, మాకు పప్పు బెల్లం. జేబులో బెల్లం కరిగి లాగు అంటుకుపోయేది. ఇప్పుడు మీ చందాల కంటే అదే నయం, ప్రతి ఇల్లూ ఇచ్చేది.

ప్రతి ఇల్లూ అన్నాను గానీ, కాలవ అవతల పల్లెకు మాత్రం వెళ్లేవాళ్లం కాదు. పంతులుగారు అక్కడిదాకా వచ్చి వెనక్కి తిప్పేవారు. ఎందుకని మేం అడగలేదు.

కాలవ_అవతల

తాతగారూ, మాది అలాంటి పల్లెల్లో ఒకటే. గిలకల శబ్దం వినిపించి, మా నాయనమ్మ పిల్లలను లోపలికి పిలిచేదట, ఆశపడతారని. మా నాన్న అక్షరాలు దిద్దింది మిషన్ బడిలో. నాకు సర్కారు బడిలో. అక్కడ సరస్వతీ పూజకు పసుపు బట్ట పరిచేది, పూలు కట్టేది మేమే. పీటల మీద మాత్రం ఏ ఏడూ మా అమ్మానాన్నలు లేరు. ఎవరూ వద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా.

మల్లన్న గారూ, సర్పంచ్‌కా ఓడినాయనకా అన్నది మీ ఊళ్లో ఇద్దరికి సంబంధించిన గొడవ. మిగతా ఊరు అసలు లెక్కలోనే ఉన్నట్టు లేదు.

తెనాలి_తాతయ్య

నిజమే అమ్మా. రాసేటప్పుడే చేయి ఆగింది.

విసిగిన_నాన్న

మాకు దగ్గరి ఊళ్లో నిరుడు ఇలాంటి కార్యక్రమమే. ముఖ్య అతిథి వచ్చేదాకా పూజ మొదలుపెట్టొద్దన్నారు. ఎనిమిదింటికి పిల్లలను గ్రౌండులో కూర్చోబెట్టారు, ఆయన వచ్చింది పన్నెండున్నరకు. టెంటు కింద కుర్చీలు పెద్దవాళ్లకు, ఎండ పిల్లలకు. మా చిన్నది కళ్లు తిరిగి పడిపోతే మంచినీళ్లు ఇచ్చింది పక్కనున్న కిరాణా కొట్టాయన. సన్మాన పత్రం చదవడం మాత్రం ఆగలేదు.

సుద్దముక్క_టీచర్

ముఖ్య అతిథిని మధ్యాహ్నం భోజనానికి పిలవండి. పూజకు వద్దు. ఎప్పుడొచ్చినా ఆకలితోనే వస్తారు.

అడగకూడని_ప్రశ్న

ఇంతమంది ఇన్ని చెప్పారు, ఎవరూ ఒకటి అడగలేదు. మల్లన్నా, సర్పంచ్ పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? మైకు అన్న పిల్లలు?

కోడిపుంజు_77

అబ్బో.

మానేరు_మల్లన్న · జనవరి 14

రాత్రంతా ఆలోచించి రాస్తున్నా. ఇద్దరి పిల్లలూ టౌన్‌లో ప్రైవేటు బడి. ఏడు నలభైకి పసుపు బస్సు మా బడి గేటు ముందే ఆగుతుంది, అక్కడే ఎక్కుతారు. నా పిల్లలు హైదరాబాద్‌లో, అదీ ప్రైవేటే. చందా వేసిన 112 మందిలో ఈ బడిలో పిల్లలున్నవాళ్లు తొమ్మిది మంది. లెక్కపెట్టి చూశాను.

డల్లాస్_బావ

మనందరిదీ అదే కథ. వదిలేయ్.

అడగకూడని_ప్రశ్న

వదిలేయడానికి కాదు అడిగింది. పూజ ఎవరి పేరున? ఈ బడి పిల్లల పేరున. మరి ఈ బడిలో పిల్లలున్న వాళ్లే కూర్చోవాలి. మీ మేడమ్ ఈ ఒక్క నియమం పెడితే గొడవ దానంతటదే పోతుంది.

గోదారి_గట్టు

లేదంటే ఇద్దరూ రేపే టీసీ తెచ్చి పిల్లలను ఇక్కడ చేర్పిస్తారు. అదీ లాభమే!

మార్కాపురం_మనిషి

మధ్యలో వస్తున్నా, పలకలు ఏవి కొంటున్నారు? ప్లాస్టిక్‌వి కొనకండి. రాతి పలక మా ఊరి సరుకు. ఒకప్పుడు ఇక్కడ ప్రతి వీధిలో పలకల ఫ్యాక్టరీ చప్పుడే. ఇప్పుడు చాలా మూతపడ్డాయి. అక్షరాభ్యాసాల సీజన్‌లోనే నాలుగు ఆర్డర్లు వస్తాయి.

మానేరు_మల్లన్న

ఎంత పడుతుందో మెసేజ్ పెట్టండి అన్నా. ఇరవై అయిదు కావాలి.

మానేరు_మల్లన్న · జనవరి 18

నిన్న బడి ఆవరణలో వేపచెట్టు కింద మీటింగ్ అయ్యింది. ఇక్కడ మీరు చెప్పినవి కొన్ని కాగితం మీద రాసుకుని మేడమ్‌కు ముందే ఇచ్చాను. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడే మనిషి. అందరూ అరుచుకోవడం అయ్యాక లేచి, "పీటలు రెండు కాదు, ఇరవై రెండు. అంగన్‌వాడీ, ఒకటో తరగతి పిల్లలు ఇరవై రెండు మంది. అక్షరాభ్యాసం చేయించుకోవాలన్న ఇళ్లవాళ్లు పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. పాత హెడ్మాస్టర్ సారు దీపం వెలిగిస్తారు. వేరే జంట ఉండదు" అన్నారు. మైకు అన్న లేచి "మరి మేం?" అన్నాడు. మేడమ్ "మీ బాబు మన దగ్గర ఒకటో తరగతిలో ఉంటే ఇప్పుడే పేరు రాసుకుంటాను" అని రిజిస్టర్ తెరిచారు. నిజంగానే పెన్ను తీశారు. ఎవరూ నవ్వలేదు, వెనక కూర్చున్న వంటక్కలు తప్ప.

విగ్రహం ఆగింది. పటమే. రావాలో వద్దో ఇంటివాళ్ల ఇష్టమని చీటీ పంపారు. ఇరవై రెండులో పందొమ్మిది మంది సరే అన్నారు. ఒకరు పూజకు వద్దు, పలక మాత్రం ఇవ్వమన్నారు. ఇస్తున్నాం.

లా_పాయింట్

మేడమ్‌కు నా సెల్యూట్. ఆ చీటీలు దాచమనండి.

నాస్తిక_నరసయ్య

సిమెంటు బస్తాలు?

మానేరు_మల్లన్న · జనవరి 24

అయిపోయింది. ఒళ్లంతా నొప్పులు. రాస్తా.

పంతులు ముప్పావు గంట ఆలస్యం, అదే రోజు ఇంకో రెండు బడులు ఒప్పుకున్నాడట. ఈలోగా కోతులు దిగి నైవేద్యం అరటిపళ్ల గెల ఎత్తుకుపోయాయి. వేపచెట్టు మీద కూర్చుని మా ముందే తిన్నాయి. పిల్లలకు పూజ కంటే అదే బాగా నచ్చింది. సర్పంచ్ మాట్లాడుతుండగా మైకు ఆగిపోయింది. ఊరంతా ఒక్కసారి మైకు అన్న వైపు చూసింది. ఆయన మొహం చూడాలి, ఒట్టేసి చెబుతూ వైరు పట్టుకుని పరుగెత్తాడు. తీరా చూస్తే కరెంటే పోయింది. తర్వాత ఇద్దరూ ఒకే బల్ల మీద భోజనం చేశారు, పెద్దగా మాట్లాడుకోలేదు గానీ.

పంతులు "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని ఒక్కో అక్షరం చెబుతుంటే అందరూ పళ్లెంలో దిద్దిస్తున్నారు. ఊరి బయట ఇటుక బట్టీలో పనిచేసే ఒడిశా జంట ఒకటి చివరి పీట మీద ఉంది. వాళ్ల పాప మా అంగన్‌వాడీకే వస్తుంది. ఆ తండ్రి పాప వేలు పట్టుకుని గబగబా ఏదో రాసేశాడు. అందరికంటే ముందే అయిపోయింది. నేను వంగి చూశాను. గుండ్రంగా ఉన్నాయి, మన అక్షరాల్లాగే ఉన్నాయి, మనవి కావు. తప్పు రాశానేమో అనుకుని అరచేత్తో చెరిపేయబోయాడు. మేడమ్ వద్దని ఆపి, పలక మీద ఒక వైపు అవే మళ్లీ రాయమన్నారు. రెండో వైపు తెలుగు ఆవిడే దిద్దించారు.

బరంపురం_బాబాయి

మాది ఒడిశాలో తెలుగు ఇల్లు కాబట్టి చెబుతా. ఆయన తొందరకు కారణం ఉంది. వసంత పంచమి రోజు ఇక్కడ ఏ బడికి వెళ్లినా సరస్వతీ పూజే. చందాలు వసూలు చేసేది, పందిరి వేసేది, ఖిచిడీ పెట్టించేది అన్నీ పిల్లలే. పిల్లలకు మొదటిసారి సుద్ద పట్టించి రాయించడాన్ని ఖడి ఛువాఁ అంటారు. బట్టీ పని సీజన్‌లో ఊరికి వెళ్లలేక ఆగిపోయిందేమో పాపం. మీ ఊళ్లో దొరికింది.

కాలవ_అవతల

పీట మీద కూర్చోబెట్టింది ఎవరు, వాళ్లే వచ్చారా?

మానేరు_మల్లన్న

అంగన్‌వాడీ టీచర్ ముందు రోజు బట్టీ దగ్గరికి వెళ్లి పిలిచింది. చీటీ చదవలేరని.

ఖమ్మం_షబానా

ముగ్గు ఎవరు వేశారు?

మానేరు_మల్లన్న

తొమ్మిదో తరగతి పిల్లలు. బొట్టు పళ్లెం బల్ల మీదే ఉంది.

గరిట_వదిన

గుడాలు?

మానేరు_మల్లన్న

పదకొండుకే అయిపోయాయి, వాసన వచ్చే సందే లేదు. వంటక్కలు నలుగురికి రోజు కూలి వెయ్యి చొప్పున ఇచ్చాం. ఖర్చులు పోను 38 వేలు మిగిలాయి. ఆడపిల్లల టాయిలెట్లకు గొళ్లాలు లేవు, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు తలుపు పట్టుకుని నిలబడుతున్నారు. ముందు అవి. సిమెంటు బస్తాలు నిన్న సాయంత్రమే బయటికి తీశాం. గట్టిపడి రాళ్లయ్యాయి. వెనక పుస్తకాల బీరువా ఉంది, తాళంచెవి వెతుకుతున్నాం.

నాస్తిక_నరసయ్య

దొరక్కపోతే పగలగొట్టండి. పుస్తకాలు నేను పంపిస్తా, రెండు పెట్టెలు ఉన్నాయి.

మానేరు_మల్లన్న · జనవరి 25

మార్కాపురం అన్నా, పలకలు బాగున్నాయి గానీ రెండో రోజుకే తెల్లగా పాలిపోయాయి. రాసింది కనపడటం లేదని పిల్లలు గోల.

మార్కాపురం_మనిషి

బలపం పొడి పట్టేసింది, అంతే. గుంటగలగరాకు, కాస్త బొగ్గు కలిపి రుద్దించండి. కాలవ గట్ల మీద ఎక్కడైనా ఉంటుంది, తెల్లటి చిన్న పువ్వు.

తెనాలి_తాతయ్య

రుద్దాక నీడలో ఆరనివ్వాలి. మేం చొక్కాలకు తుడుచుకుని ఇంట్లో తన్నులు తినేవాళ్లం.